నల్ల రిబ్బను గ్లాసు

విల్‌ఫ్రెడ్ టన్నిక్లిఫ్ పేరులో టన్ను ఉంది గానీ ఒంట్లో లేదు. ఉన్న బరువంతా గొంతులోనే. డెర్బీ రైళ్ళలో గార్డుగా ఏళ్ళ తరబడి అరిచి అరిచి, ఇంట్లో టీ అడిగితే నాలుగిళ్ళ అవతల కెటిల్ పొయ్యి మీద పెట్టేవారు. ఆ గొంతుకి తోడు, ఏ మాటనీ మెలిపెట్టకుండా వదలలేని జబ్బు ఒకటి. బీరుకి పేరుమోసిన వాళ్ళ బర్టన్ ఊళ్ళో బార్లీ నీళ్ళలో నానుతుంది, దాన్ని కాచినవాళ్ళు విల్‌ఫ్రెడ్ నోట్లో నానుతారు.

అలాంటి నోటికి ఆ శనివారం తీర్పరి పదవి దక్కింది. కుంటి బాతు పబ్బులో ఏటా నవంబరులో బార్లీ వైన్ పోటీ జరుగుతుంది. పేరులో వైన్ అని ఉన్నా అది పుట్టుకతో బీరే, ద్రాక్ష మొహం చూసి ఎరగదు. మామూలు బీరుకి అన్నలాంటిది, వయసులోనూ, ఘాటులోనూ. ఎప్పుడూ తీర్పు చెప్పే ఇద్దరిలో ఒక పెద్దమనిషికి జలుబు చేసింది. ముక్కు మూసుకుపోయినవాడు బార్లీ వైన్ గురించి ఒక్క ముక్క చెప్పలేడు. పోటీలో బీరు పెట్టనివాడు, కాస్త నాలుక ఉన్నవాడు ఊళ్ళో ఎవడున్నాడా అని పబ్బు యజమాని డెన్‌జిల్ వెతికితే విల్‌ఫ్రెడ్ తేలాడు. చిక్కల్లా ఒకటే. విల్‌ఫ్రెడ్ పెట్టలేదు గానీ, విల్‌ఫ్రెడ్ భార్య మ్యూరియల్ పెట్టింది.

"ఎవరి గ్లాసు ఏదో నీకు తెలీదు కదా, బాతూ," అన్నాడు డెన్‌జిల్ ఫోన్లో. ఆ ఊళ్ళో ఆడా మగా, చిన్నా పెద్దా, అందరికీ అందరూ బాతులే. "తెలీనప్పుడు ఇంక తప్పేముంది?"

తప్పేముందో విల్‌ఫ్రెడ్ భార్య మొహంలో వెతికాడు. ఆవిడ రొట్టెకి వెన్న రాస్తోంది.

"వెళ్ళు," అంది మ్యూరియల్. "నీ నాలుక ఏం చెబితే అది చెప్పు. నా మొహం చూసి ఎక్కువ చెప్పావనుకో, ఊరంతా నవ్వుతుంది. ఊరి మొహం చూసి తక్కువ చెప్పావనుకో..."

"తక్కువ చెబితే?"

"టోస్టు తిను."

విల్‌ఫ్రెడ్ తిన్నాడు. బీరు కిక్కు సంగతి దేవుడెరుగు, ఆ పూటకి మాత్రం కిక్కురుమనలేదు.

ఆ పోటీలో గెలిచిన బీరుని కుంటి బాతు పెరట్లో ఉన్న కాపుశాలలో పెద్ద ఎత్తున కాచి, మరుసటి చలికాలమంతా పోస్తారు. గ్లాసుల్లోకి బీరు లాగే పంపు పిడి మీద కాచినవాళ్ళ పేరు రంగులతో రాస్తారు. మ్యూరియల్ స్కూలు వంటశాలలో పిల్లలకి వండి పెడుతుంది. వండినదాన్ని పిల్లలు ముక్కు మూసుకుని తినడమే తప్ప, ఆవిడ చేతి వంటకి ఎవరూ పేరు పెట్టింది లేదు, పెడితే వంకలే. ఆ పంపు పిడి మీద తన పేరు చూసుకోవాలని ఆవిడకి ఎంత కోరికో విల్‌ఫ్రెడ్‌కి బాగా తెలుసు.

ఇదివరకు తను కాచిన ప్రతి బీరూ మొదట మొగుడికే ఇచ్చేది. అతను ఒక గుక్క తాగి ఒక జోకు వేసేవాడు. ఆ జోకు సాయంత్రానికి పబ్బు చేరేది. ఈసారి మాత్రం బీరుని మెట్ల కింది అలమారలో పెట్టి, అతన్ని ఆ దరిదాపులకి రానివ్వలేదు. అందుచేత దాని రుచి అతనికి తెలీదు. కానీ ఒకటి తెలుసు. పోయినేడు చలి మొదలైన రోజుల్లో వంటింటి తలుపు మూసుకుని ఆవిడ ఏదో కాచింది. మాడీ మాడని నల్ల చెరకు పాకం వాసన మేడ మీది దుప్పట్ల దాకా పట్టింది. బీరులో పాకం పోసిందన్నమాట అనుకున్నాడు. అనుకుని, మనసులో దాచుకున్నాడు.

*

కుంటి బాతులో ముందు హాల్లో పోటీదారులు నలుగురూ ఒకే బెంచీ మీద కూర్చున్నారు. మ్యూరియల్. ఆవిడ పక్కన పొరుగింటి నార్మన్ పెగ్, పొడుగ్గా, ఎండిపోయిన మనిషి. విల్‌ఫ్రెడ్ కంచె మీద నుంచి రోజూ "ఏం పెగ్గూ, ఇంకా ఒక పెగ్గుకి కూడా ఎదగలేదా?" అని పలకరించేది ఇతన్నే. అతని పక్కన పళ్ళ డాక్టరు బాగ్నల్. చివర సిరిల్ అనే ముసలాయన. ఊరంతా వాళ్ళ వెనక గుమిగూడింది.

అక్కడి పద్ధతి ఏమిటంటే, తీర్పరులు వెనక గదిలో రుచి చూసి వచ్చి, ఒక్కో బీరు గురించి నిలబడి అందరి ముందూ గట్టిగా చెప్పాలి. ఎవరిది ఏదో డెన్‌జిల్ ఆ తర్వాతే చెబుతాడు. చెబుతున్నంతసేపూ పోటీదారుల మొహం కదలకూడదు. పొగిడినా కదలకూడదు, తిట్టినా కదలకూడదు. కనుబొమ్మ ఎగిరిందా, పెదవి జారిందా, ఆ మనిషి ఆ పూట పబ్బులో గ్లాసులన్నీ కడగాలి. ఊరు వచ్చేది సగం బీరు కోసం, సగం ఆ మొహాల కోసం.

వెనక గదిలో బొగ్గుల పొయ్యి పక్కన రెండో తీర్పరి అప్పటికే కూర్చుని ఉంది. బెరిల్ సాల్ట్. చర్చిలో ఆర్గన్ వాయించి వాయించి మానేసిన పెద్దావిడ. పేరులోనే ఉప్పుంది, కారం మాటల్లో కలిపేది. సిరిల్ ఆవిడ తమ్ముడు.

"బెరిల్ ఉన్నచోట బ్యారెల్ ఉండాలే," అన్నాడు విల్‌ఫ్రెడ్ గది దద్దరిల్లేలా.

"కూర్చో, బాతూ. పొయ్యిలో బొగ్గులు ఉలిక్కిపడుతున్నాయి."

డెన్‌జిల్ ఇద్దరి ముందూ తలో నాలుగు గ్లాసులు పెట్టాడు. గ్లాసు కాడకి ఒక్కో రిబ్బను: ఎరుపు, పసుపు, నీలం, నలుపు. మధ్యమధ్య నాలుక కడుక్కోవడానికి మంచినీళ్ళు, ఉప్పులేని బిస్కెట్లు.

"రూల్స్ తెలుసుగా," అన్నాడు. "ఉమ్మకూడదు, మింగాలి. పేర్లు ఊహించకూడదు. ఇద్దరి మాటా ఒకటయ్యేదాకా తలుపు తియ్యను."

"ఉమ్మడం వైన్‌వాళ్ళకి చెప్పు," అన్నాడు విల్‌ఫ్రెడ్. "బీరు చేదు గొంతు దాటాక గానీ తెలీదు. ఆ చేదుని బావిలోంచి చేదుకున్నట్టు చేదుకోవాలి."

ముందు ఎరుపు. విల్‌ఫ్రెడ్ గ్లాసుని రెండు అరచేతుల్లో పట్టుకుని వెచ్చబెట్టాడు. చల్లగా ఉంటే బార్లీ వైన్ నోరు విప్పదు. మెల్లగా తిప్పి, ముక్కు పెట్టి, వెంటనే ముక్కు తీసేశాడు.

"పులిసింది."

"పులవడం కాదు, వెనిగర్ అయింది," అంది బెరిల్. "చేపల వేపుడు మీద చల్లుకోవచ్చు."

పసుపు తియ్యగా ఉంది. తియ్యగా అంటే మామూలుగా కాదు, గ్లాసు బోర్లిస్తే ఒలకడానికి బద్ధకించేంత. బార్లీలోని చక్కెరని ఈస్టు సగం తిని, సగం వదిలేసి నిద్రపోయినట్టుంది. ఇది నార్మన్ పెగ్‌దే అని విల్‌ఫ్రెడ్‌కి ఒక్క గుక్కలో తేలిపోయింది. అంత చప్పటి మనిషి ఆ లోటంతా బీరులోనే తీర్చుకుంటాడు. పేరు బయటికి అనకుండా, అందరి ముందూ అనబోయే మాటలు మాత్రం ఒక్కొక్కటే పోగేసుకున్నాడు.

నీలం బాగుంది. రాగి రంగు, తేట. నారింజ మార్మలేడ్ వాసన, కాల్చిన రొట్టె అంచు రుచి, హాప్ పువ్వుల చేదు వచ్చి ఎక్కడ ఆగాలో అక్కడ ఆగింది. "శుభ్రమైన పని," అంది బెరిల్. విల్‌ఫ్రెడ్ తలాడించాడు.

ఇంక మిగిలింది నలుపు.

ముక్కు గ్లాసు అంచుకి చేరకముందే వాసన ఎదురొచ్చింది. ఎండు ప్లమ్ పళ్ళు, క్రిస్మస్ పుడ్డింగు, పాత తోలు కుర్చీ, ఎక్కడో లోపల ఒక బొట్టు షెర్రీ వైన్. నోట్లో పోసుకున్నాడు. బీరు నాలుక మీద పడి, పరుగెత్తకుండా కాళ్ళు చాపుకుని కూర్చుంది. తీపి ముందు మాట్లాడింది. మాట పూర్తికాకుండానే చేదు అందుకుంది. రెండూ కలిసి గొంతు దిగి, ఛాతీలో చిన్న కుంపటి వెలిగించాయి. ఆ తర్వాత చివర్లో, అన్నీ అయిపోయాయి అనుకున్నాక, మాడీ మాడని నల్ల పాకం.

విల్‌ఫ్రెడ్ కళ్ళు మూసుకున్నాడు. ఆనందం ఒక పక్క, గుండె జారడం ఒక పక్క. ఇది మ్యూరియల్‌ది!

పోటీలో ఇది గెలవాలి. గెలిచి తీరాలి. కానీ గెలిపించేది ఎవరు? మొగుడు. రేపు ఊళ్ళో ఎవడైనా ఆ పంపు పిడి చూసి కన్ను గీటితే? మ్యూరియల్ పేరు పక్కన ఆ గీటు జన్మంతా ఉంటుంది. అలా అని నోరు విప్పి "ఇది మా ఆవిడది, నేను తప్పుకుంటా" అనడానికీ లేదు, పేర్లు ఊహించకూడదని రూలు. పెద్దమనిషన్నవాడు ఏం చెయ్యాలి? తనవాళ్ళ పక్క ఒరగకుండా ఉండాలంటే రెండో పక్క ఒరగాలి. విల్‌ఫ్రెడ్ ఒరిగాడు, నేల తగిలేదాకా.

"పర్లేదు," అన్నాడు గొంతు సర్దుకుని. "కానీ కాస్త... ఎక్కువ."

"ఏం ఎక్కువ?"

"అన్నీ."

బెరిల్ గ్లాసు దించింది. ఆవిడ కళ్ళలో నీళ్ళున్నాయి. చర్చిలో పెద్ద పాట చివర ఆర్గన్ నుంచి చేతులు తీసేటప్పుడు ఉండే మొహం అది. ఆ మొహంతోనే, "అవును, మరీ ఎక్కువ," అంది. "నీలమే నయం."

"నీలానికి సాటి లేదు."

"నీలం ముందు నలుపు నిలవదు."

"అయితే నీలానికే కప్పు?"

"నీలానికే."

ఇంత తేలిగ్గా ఇద్దరు తీర్పరుల మాట ఒకటైన సందర్భం ఆ పబ్బు చరిత్రలో లేదు. డెన్‌జిల్‌ని పిలవడానికి విల్‌ఫ్రెడ్ లేచాడు. లేచినవాడు బల్ల వైపు చూసి ఆగిపోయాడు.

నీలం రిబ్బను గ్లాసులు రెండూ దాదాపు నిండుగా ఉన్నాయి. నల్ల రిబ్బను గ్లాసులు రెండూ ఖాళీ. అడుగున మడ్డి కూడా లేదు.

బెరిల్ కూడా చూసింది.

"నీ గ్లాసు ఏమైంది, బాతూ?"

"ఆవిరైపోయిందండీ. పొయ్యి పక్కన పెట్టాను కదా. మరి మీది?"

"నాది... నాది ఒలికింది."

"ఎక్కడికి?"

"లోపలికి," అంది బెరిల్. అని, తెరచాటున దొరికిపోయిన చిన్నపిల్లలా కిసుక్కున నవ్వింది. ఆ నవ్వు విల్‌ఫ్రెడ్‌కి అంటుకుంది. ముందు హాల్లో ఊరంతా తలుపు వైపు తిరిగి చూసి ఉంటుంది.

"చెప్పేస్తున్నాను, మిసెస్ సాల్ట్," అన్నాడు అతను చివరికి, తన జన్మలో మొదటిసారి గొంతు తగ్గించి. "నా నోట్లో ఇంతకంటే మంచి బీరు పడలేదు. కానీ అది మా మ్యూరియల్‌ది. నేను ఎలా గెలిపిస్తాను?"

"మ్యూరియల్‌దేమిటి?" బెరిల్ నిటారుగా కూర్చుంది. "అది మా సిరిల్‌ది. నేనిచ్చిన షెర్రీ పీపాలోనే వాడు బీరు పెట్టాడు. ఆ షెర్రీ వాసన నాకు తెలీదూ?"

"మరి ఆ పాకం? మా ఇంటి దుప్పట్లు ఇప్పటికీ ఆ వాసనే వేస్తున్నాయి!"

"దుప్పట్లు ఉతుక్కో. అది మా తమ్ముడిది. అందుకే దాన్ని కింద పడేశాను."

"నేను మా ఆవిడదని పడేశాను."

"నేను ముందు పడేశాను!"

"నేను మీకంటే గట్టిగా పడేశాను!"

మంచి బీరు మాదంటే మాదని తిట్టుకుంటూ, కాబట్టి కప్పు ఇవ్వడానికి వీల్లేదంటే వీల్లేదని బల్ల గుద్దుకుంటూ ఇద్దరూ కాసేపు కొట్టుకున్నారు. మొదట అలిసింది బెరిల్.

"ఆగు, బాతూ. ఒక బీరుకి ఇద్దరు తల్లులుండరు. మనిద్దరిలో ఒకరం తప్పు. అంటే ఒకరం ఇప్పటిదాకా ఏ పాపం ఎరగని పరాయివాళ్ళ బీరుని తొక్కేశాం."

"ఇద్దరం తప్పయితే?"

"అయితే ఇద్దరం కలిసి తొక్కాం."

పొయ్యిలో బొగ్గు ఒకటి చిటపటలాడింది. విల్‌ఫ్రెడ్‌కి మ్యూరియల్ మాట గుర్తొచ్చింది. ఊరి మొహం చూసి తక్కువ చెప్పావనుకో. ఆ వాక్యం చివర ఏముందో ఇప్పుడర్థమైంది. టోస్టు కాదు. అంతకంటే ఘోరమైనదేదో. భార్య చేతి పనిని భార్యదన్న పాపానికి తొక్కేసిన మొగుడు.

అతను గోడకున్న చిన్న కిటికీ తెరిచి, "డెన్‌జిల్! నీలం, నలుపు, మళ్ళీ పోసివ్వు!" అని కేక పెట్టాడు. ఈసారి ఇద్దరూ ఒకరికొకరు వీపు పెట్టి కూర్చున్నారు. ఎవరిదో అనే ఆలోచనని కోటుతో పాటు వంకీకి తగిలించారు. వెచ్చబెట్టారు, వాసన చూశారు, మింగారు, ఆగారు.

"చెప్పనా?" అంది బెరిల్.

"కలిసే చెబుదాం."

"నలుపు," అన్నారు ఇద్దరూ.

*

హాల్లో బెంచీ మీద నాలుగు రాతి మొహాలు. విల్‌ఫ్రెడ్ నిలబడ్డాడు, పక్కన కుర్చీలో బెరిల్. ఊరు ఊపిరి బిగబట్టింది.

"ఎరుపు," అన్నాడు. "ఒకప్పుడిది బీరు. ఇప్పుడు ఊరగాయ. నోరూరించాల్సింది పోయి నోరే ఊరేసింది."

వెనక జనం గొల్లుమన్నారు. బెంచీ మీద ఒక్క వెంట్రుక కదల్లేదు.

"పసుపు!" అతను నార్మన్ పెగ్ కళ్ళలోకి సూటిగా చూశాడు. పోగేసుకున్న మాటలన్నీ క్యూ కట్టి నిలబడ్డాయి. "ఇది తాగడానికి గ్లాసు వద్దు, చెంచా కావాలి. రెండు గుక్కలు తాగాక నా పై పళ్ళూ కింది పళ్ళూ అతుక్కుపోయి విడాకులకి ఒప్పుకోలేదు. దీన్ని కాచినాయన పుణ్యమా అని ఊళ్ళో పళ్ళ డాక్టరు ఇంకో మేడ కట్టిస్తాడు!"

పబ్బు పైకప్పు లేచిపోయింది. నార్మన్ మొహం రాయి. పళ్ళ డాక్టరు మొహం ఇంకా పెద్ద రాయి. అతని చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. చెవుల గురించి రూల్లో ఏమీ లేదు.

"నీలం," అన్నాడు విల్‌ఫ్రెడ్, తర్వాతి జోకు కోసం నోరు తెరిచి.

జోకు రాలేదు. వెనక గదిలో ఆ బీరుని ఎంత అబద్ధంగా పొగిడాడో తలుచుకుంటే సిగ్గేసింది. దానికి కనీసం ఒక నిజమైన మాట బాకీ ఉన్నాననిపించింది.

"నీలం మంచి బీరు," అన్నాడు మామూలు గొంతుతో. "దీన్ని కాచిన చెయ్యి శుభ్రమైన చెయ్యి. దేన్ని ఎంత వెయ్యాలో తెలిసిన చెయ్యి. ఎక్కడా గొప్ప చూపించుకోలేదు. తీపి దగ్గర తీపి, చేదు దగ్గర చేదు. ఒక్కటే లోటు. చెప్పాల్సింది ఇంకా ఉండగానే ఊరుకుంది. మూత తొందరగా తీశారనుకుంటాను. ఇంకో చలికాలం వదిలేసుంటే దీని పక్కన నిలబడగలిగే బీరు ఈ ఊళ్ళో ఉండదు. కాచినవాళ్ళకి నేను టోపీ తీస్తున్నాను."

నిజంగానే తీశాడు. ఊరు నవ్వలేదు. విల్‌ఫ్రెడ్ నోట్లోంచి అంత నేరుగా నడిచొచ్చిన మాటని వాళ్ళెప్పుడూ వినలేదు.

అప్పుడు బెంచీ మీద ఒక పెదవి కదిలింది. ముందు ఒక మూల. తర్వాత రెండో మూల. ఆపుకోవాలని చూసింది, ఆగలేదు. మ్యూరియల్ మొహం మొత్తం, నుదుటి నుంచి గడ్డం దాకా, నవ్వుగా విచ్చుకుంది.

"కదిలింది! కదిలింది!" అని జనం అరిచారు. డెన్‌జిల్ ఆవిడ ఒళ్ళో గ్లాసులు తుడిచే గుడ్డ విసిరాడు.

విల్‌ఫ్రెడ్ ఒక్కడే నవ్వలేదు. నీలం మ్యూరియల్‌ది. వెనక గదిలో తను భార్యకి అన్యాయం చేద్దామని పట్టుబట్టి, భార్య చేతిలోనే కప్పు పెట్టబోయాడు. ఆ తర్వాత న్యాయం చేద్దామని పట్టుబట్టి, ఆ కప్పు లాగేసుకున్నాడు. ఇంకా ఫలితం చెప్పలేదు. చెప్పాల్సిన నోరు తనదే. "నీలమే మొదటిది" అంటే అడ్డుపడగలిగింది ఒక్క బెరిల్. ఆవిడ వైపు చూశాడు. ఆవిడ అడ్డుపడేలా లేదు. తమ్ముడు సిరిల్ వైపు కూడా చూడకుండా, చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఇతను ఏ మెట్టు నొక్కుతాడా అని వినడానికి చెవి ఒగ్గి కూర్చుంది.

భార్య మొహం ఇంకా వెలుగుతోంది. ఆ మొహం చూస్తే నీలం. నాలుక మీద ఇంకా నిలిచి ఉన్నది మాత్రం నలుపు.

"నలుపు," అన్నాడు. గొంతు మళ్ళీ ప్లాట్‌ఫారం కేక అందుకుంది. "నలుపు మొదటిది. నీలం రెండోది. నలుపు గురించి నాకు జోకూ రాదు, మాటా రాదు. ఒక్కటి చెబుతాను. మేమిద్దరం దీన్ని కింద పడేద్దామని మా శక్తికొద్దీ ప్రయత్నించాం. కుదర్లేదు. మా నోళ్ళే మా మాట వినలేదు. మీలో ఎవరిదో గానీ, దీన్ని చలికాలమంతా ఇక్కడ కూర్చుని తాగడానికి నేను నా పెన్షన్ దాకా ఆగలేను."

డెన్‌జిల్ గంట కొట్టాడు. పేర్లు చదివాడు. ఎరుపు, సిరిల్. "అంటే ఆ పీపా వల్లేనన్నమాట!" అంది బెరిల్ గట్టిగా. పసుపు, డాక్టర్ బాగ్నల్. డాక్టరు లేచి, "విల్‌ఫ్రెడ్, మంగళవారం నీ దవడ పన్ను పని ఉంది, మర్చిపోకు," అన్నాడు, మొదటిసారి నవ్వుతూ. ఆ నవ్వు విల్‌ఫ్రెడ్‌కి ఏమీ నచ్చలేదు.

"నలుపు, నార్మన్ పెగ్."

నార్మన్ కదల్లేదు. జనం వీపు మీద చరిచారు, పేరు పెట్టి అరిచారు. మొహం రాయిలాగే ఉంది.

"గంట కొట్టేశాను, నార్మన్, ఇంక మొహం వదిలెయ్," అన్నాడు డెన్‌జిల్.

"వదల్లేకపోతున్నా," అన్నాడు నార్మన్ పెదవులు కదపకుండా. "ఎక్కడో పట్టేసింది." రెండు కళ్ళలోంచీ నీళ్ళు మాత్రం బుగ్గల మీదికి దారి చేసుకుంటున్నాయి. విల్‌ఫ్రెడ్ వెళ్ళి ఎదురుగా నిలబడ్డాడు. పేరుతో ఆడుకోవడానికి ఇంతకంటే మంచి సమయం దొరకదు. ఆడుకోలేదు.

"గొప్ప బీరు, నార్మన్."

"ఇంకోసారి చెప్పు," అన్నాడు నార్మన్. "కంచె అవతలి నుంచి ఎప్పుడూ వినలేదు."

విల్‌ఫ్రెడ్ ఇంకోసారి చెప్పాడు. ట్రెంట్ నది అవతలి ఒడ్డున బాతులు లేచి ఎగిరి ఉంటాయి.

*

మ్యూరియల్ చేతులు మోచేతుల దాకా సబ్బు నురగలో ముంచి గ్లాసులు కడుగుతోంది. విల్‌ఫ్రెడ్ పక్కన నిలబడి తుడుస్తున్నాడు. రూలు ప్రకారం అతను తుడవక్కర్లేదు. కానీ ఏదో ఒకటి చెయ్యకపోతే నిలబడడం కష్టంగా ఉంది.

"పాకం వాసన వచ్చింది కదా, మ్యూ," అన్నాడు. "పోయినేడు. వంటింట్లో."

"అది బీరుకనుకున్నావా? నవంబరు మంటల పండక్కి స్కూలు పిల్లలకి పాకం టాఫీ కాచాను. నీకు తెలిస్తే సగం నువ్వే తినేస్తావని తలుపు మూశాను."

బెరిల్ తలుపు దగ్గర నిలబడి జున్ను పెట్టిన బన్ను తింటోంది. "చెప్పెయ్, బాతూ," అంది. "లేకపోతే నేను చెప్పేస్తా." చెప్పేసింది కూడా. ఎలా నలుపుని ఇద్దరూ కలిసి తొక్కారో, ఎలా నీలానికి కప్పు కట్టబెట్టేశారో, ఎలా మళ్ళీ తీసేసుకున్నారో, ఒక్క మెట్టూ వదలకుండా.

మ్యూరియల్ చేతిలో గ్లాసు ఆగింది. విల్‌ఫ్రెడ్ తుడిచిన గ్లాసునే మళ్ళీ తుడిచాడు.

"అంటే," అంది ఆవిడ నిదానంగా, "నువ్వు మోసం చేసి ఉంటే నేను గెలిచేదాన్ని."

"అవును."

"నన్నే మోసం చేసి ఉంటే."

"అవును, మ్యూ."

ఆవిడ భుజాలు కదలడం మొదలైంది. ఏడుస్తోందనుకున్నాడు అతను. ఆవిడ నవ్వుతోంది. సింకు అంచు పట్టుకుని, నురగ చేత్తో కళ్ళు తుడుచుకోబోయి కళ్ళలో సబ్బు పడి, ఇంకా నవ్వింది. అప్పుడే నార్మన్ వచ్చాడు, మొహం ఒక పక్క వదులై, ఒక పక్క ఇంకా రాయిగానే. చేతిలో నల్ల రిబ్బను సీసా, అడుగున రెండు గుక్కలు.

"నువ్వు ఒక్కసారి రుచి చూడాలి," అన్నాడు మ్యూరియల్‌తో.

ఆవిడ చేతులు తుడుచుకుని, అతను పోసిచ్చిన గ్లాసు అందుకుంది. వెచ్చబెట్టింది. మొగుడి కంటే ఎక్కువసేపు వాసన చూసింది. తాగాక, అడుగున మిగిలిన చుక్క కూడా నాలుక మీదికి వంచుకుంది.

"నలుపే," అంది చివరికి. "ఇది కాకుండా నాదానికి కప్పు ఇచ్చి ఉంటే, విల్ఫ్, ఇంట్లో టోస్టు కూడా ఉండేది కాదు." గ్లాసు నార్మన్‌కి ఇచ్చేసి, మొగుడి వైపు తిరిగింది. "పెళ్ళయిన దగ్గర్నుంచీ నా బీరు తాగుతున్నావు. నీకు నచ్చిందో లేదో ఇవాళ్టిదాకా నాకు తెలీదు, తెలుసా?"

అతను నోరు తెరిచాడు. ఆవిడ నురగ వేలెత్తింది.

"జోకు వద్దు."

"నచ్చింది," అన్నాడు విల్‌ఫ్రెడ్. "అన్నీ నచ్చాయి. ఆ మిరియాలు వేసింది తప్ప."

"అది మిరియాలు కాదు, ధనియాలు."

"అదే చెబుతున్నా."

"సరే. మూత తొందరగా తీశానన్నావు. ఎంత తొందరగా?"

"వసంతం వచ్చేదాకానైనా ఆగాల్సింది," అన్నాడు.

"వసంతమా? వచ్చే చలికాలం దాకా," అన్నాడు నార్మన్. పట్టేసిన బుగ్గ కూడా వదిలింది, ఆ బుగ్గ వెనక ఇన్నాళ్ళూ ఇన్ని మాటలున్నాయని ఎవరికీ తెలీదు. "హాప్ పువ్వులు కూడా చివర్లో వేశావు, మొదట్లోనే పడాలి. ఆ పాత్ర కూడా మార్చాలి. ఆ గరిటె కూడా..."

"గరిటె జోలికి రాకు!"

"షెర్రీ పీపా ఒకటి ఉంది, కావాలంటే ఇస్తా," అంది బెరిల్.

"వద్దు!" అన్నారు ముగ్గురూ ఒక్కసారే. అన్నాక ఎవరికి వాళ్ళు తమ గొంతే పైకి వినిపించాలని మొదలుపెట్టారు. ఎంత మరిగించాలి, ఏ ఈస్టు, ఎన్ని పొరల గుడ్డలో వడకట్టాలి. ఆ గోలలో విల్‌ఫ్రెడ్ టన్నిక్లిఫ్ ఏమంటున్నాడో ఎవరికీ వినపడలేదు.